గురువారం ఆరాధనకు పేరు రాయించుకోవడం

మా విచారణలో, అంటే మా కతోలిక పారిష్‌లో, గత ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు వారాలు) నుంచి ప్రతి గురువారం సాయంత్రం ఐదు గంటలు మొదలు తొమ్మిది గంటల వరకు దివ్యసత్ప్రసాద ఆరాధన, అంటే పూజలో క్రీస్తు శరీరంగా మారిందని మేము విశ్వసించే అప్పం ఎదుట ప్రార్థన, జరుగుతోంది. ఆరాధన మాకు కొత్తేమీ కాదు. నెలలో మొదటి శుక్రవారం నాడు పూజ ముగిశాక గురువులు (ఫాదర్) సత్ప్రసాదాన్ని మాన్‌స్ట్రెన్స్‌లో (అందరికీ కనిపించేలా ఉంచే పాత్రలో) ఉంచి పీఠం మీద నిలుపుతారు, సాంబ్రాణి వేస్తారు, గాయక బృందం పాడుతుంది, ఆశీర్వాదం అందుకొని ఇళ్లకు వెళతాం. దానికీ వారం వారం జరిగే ఆరాధనకూ ఉన్న తేడా భక్తిలో కాదు, బాధ్యతలో ఉందని నా అభిప్రాయం. మొదటిదాన్ని గురువులు నడిపిస్తారు, రెండవదాన్ని విశ్వాసులే నిలబెట్టాలి.

పీఠంపై స్థాపించిన దివ్యసత్ప్రసాదాన్ని కాసేపైనా ఎవరూ లేకుండా వదలకూడదని 2004లో వాటికన్ వెలువరించిన ‘రెదెంప్సియోనిస్ సాక్రమెంతుమ్’ అనే నియమాల పత్రం గట్టిగా చెబుతుంది. వంతులవారీగానైనా సరే, కొందరు విశ్వాసులు ఎప్పుడూ ప్రభువు సన్నిధిలో ఉండాలి. వీలున్నవారు వస్తారులే అనుకుంటే ఈ నియమం ఒక్క వారం కూడా నిలవదు. అందుకే ప్రతి అరగంటకూ రెండు కుటుంబాల పేర్లు ముందుగానే రాసుకుంటున్నాం. ఒక ఇంట్లో జ్వరమో చుట్టాలో అడ్డుపడినా రెండో కుటుంబం ఉంటుంది. ఆ పుస్తకం గుడి వాకిట్లో బల్ల మీద ఉంటుంది. సంతకం రాని ఒక మామ్మ వచ్చిన ప్రతిసారీ తన పేరు ఎదుట చిన్న సిలువ గీసి, పెన్ను మూతపెట్టి, చెప్పులు విడిచి లోపలికి వెళుతుంది. చీకటి పడ్డాక నడవలేని పెద్దవాళ్లు ఐదు గంటల వంతు అడిగారు, పొలం పనుల నుంచి ఆలస్యంగా వచ్చేవారు ఎనిమిది తర్వాతి వంతులు తీసుకున్నారు.

వంతులు వేసుకోవడం తిరుసభలో (కతోలిక సంఘంలో) పాత అలవాటే. 16వ శతాబ్దంలో మిలాన్‌లో వ్యాపించిన నలభై గంటల ఆరాధనను, రోమ్‌లోని ఆలయాలు ఒకదాని తర్వాత ఒకటి ఎడతెగకుండా అందుకొనేలా ఎనిమిదవ క్లెమెంట్ పోపు 1592లో ఏర్పాటు చేశారు. ఒక నగరం ఆలయాల వారీగా చేసినదాన్ని మేము ఇళ్ల వారీగా చేస్తున్నాం.

మా గురువులకు సబ్‌స్టేషన్లు (విచారణ కింద ఉన్న చిన్న ఊళ్ల గుడులు) ఎక్కువ కనుక కొన్ని గురువారాలు ఆయన ఇక్కడ ఉండరు. అటువంటప్పుడు మేత్రాణుల (బిషప్) అనుమతి పొందిన సిస్టర్ గారు సత్ప్రసాదాన్ని స్థాపించి, సమయం ముగిశాక తిరిగి మందసంలో (సత్ప్రసాదం ఉంచే పెట్టెలో) భద్రపరుస్తారు. దానితో ఆశీర్వదించే అధికారం మాత్రం గురువులకు, వారి తర్వాతి హోదాలో అభిషేకం పొందిన డీకన్లకే ఉంది. ఆశీర్వాదం లేని ఆరాధన ఏం ఆరాధన అని కొందరు నొచ్చుకున్నారు. నిజానికి తిరుసభ ఆరాధన క్రమం, కేవలం ఆశీర్వాదం ఇవ్వడానికే సత్ప్రసాదాన్ని స్థాపించడాన్ని నిషేధించింది. వాక్యపఠనానికీ, పాటలకూ, ప్రార్థనకూ, మౌనానికీ తగినంత సమయం ఉండాలని కోరింది.

ఈ నాలుగింటిలో మనకు కష్టమైనది మౌనమే. మైకు పక్కనే ఉంటే ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు, పాట అయితే జపమాల, జపమాల అయితే మరో పాట. అవన్నీ మంచివే, వాటిని తక్కువ చేయను. అయితే ప్రభువు ఎదుట కూర్చొని ఆయనకు మాట్లాడే అవకాశమే ఇవ్వకపోవడం నాకు బాధగా ఉంటుంది. అందుకే ప్రతి అరగంటలో పది నిమిషాలు మైకు పూర్తిగా ఆపేయాలని నేను పట్టుబట్టాను. ఏం చేయాలో తోచనివారు యోహాను సువార్త 6వ అధ్యాయం తెరిచి నాలుగు వచనాలు నెమ్మదిగా చదువుకోవచ్చు, లేదా ఇంట్లో ఉన్న అప్పు గురించో, కొడుకు చదువు గురించో ఉన్నదున్నట్టు ఆయనతో చెప్పుకోవచ్చు.

ఆదివారం పూజకు వస్తున్నాం కదా, ఇది కూడా ఎందుకని అడిగేవారున్నారు. మనం ఆరాధించే అప్పం దివ్యబలిపూజలో అభిషిక్తమైనదే, ఆ బలినుంచి విడదీసి చూస్తే ఆరాధనకు అర్థమే లేదు. మరణానికి చేరువైనవారికి చివరి సత్ప్రసాదంగా అందించడమే దాన్ని మందసంలో భద్రపరచడానికి తొలి కారణమని కూడా తిరుసభ చెబుతుంది. ఈ మాట నన్ను చాలా కదిలించింది. గుడిలో గంటసేపు మోకరించి, వీధి చివర మంచాన పడిన మనిషిని మరిచిపోతే మన ఆరాధనలో ఏదో లోపించినట్టే. కనుక పుస్తకం చివరి పేజీలో, రాలేనివారి పేర్లు రాస్తున్నాం. గురువారం వారి కోసం ప్రార్థిస్తాం, ఆదివారం పూజ తర్వాత వారి ఇళ్లకు సత్ప్రసాదం వెళుతుంది. ఆ పేజీ కోసమైనా ఈ ఆరాధన కొనసాగాలని కోరుకుంటున్నాను.

తపస్సుకాలంలో (ఈస్టర్‌కు ముందు వారాల్లో) మిరప కోతలు ముమ్మరంగా ఉంటాయి, సాయంత్రం వంతులు తీసుకున్న కూలీ కుటుంబాలు ఏడున్నరకు రాలేమని ముందే చెప్పాయి. ఆ అరగంటను ఉద్యోగస్తుల కుటుంబాలు తీసుకోవాలని విచారణ సలహా సంఘం అడుగుతోంది. ఒక కుటుంబం ఒప్పుకుంది, ఇంకొకటి కావాలి. పుస్తకం ప్రస్తుతం ఉపదేశి (విశ్వాస పాఠాలు చెప్పే) గారి ఇంట్లో ఉంది, శనివారం లోపు పేరు రాయించగలరు.