అమ్మ బొట్టూ, ఆవగింజంత బుడగా

మా హాల్లో గుమ్మం పక్కనున్న అద్దం మూల పగిలి ఏడాదైంది. దాని చోట టైమూ, తిథీ, రాహుకాలమూ, అమ్మ బీపీ మాత్ర వేళా కనిపించే స్మార్ట్ మిర్రర్ నా చేత్తోనే చేసి పెట్టాలని పట్టుదల. పాత ల్యాప్‌టాప్ తెర, 15.6 అంగుళాలది, ఇంట్లోనే ఉంది. దాన్ని కంప్యూటర్‌కు కలిపే కంట్రోలర్ బోర్డు కోఠి గుజరాతీ గల్లీలో దొరికింది. రాస్ప్‌బెరీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ మీద మ్యాజిక్‌మిర్రర్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఒక ఆదివారం పని. అసలు కష్టమంతా అద్దం దగ్గరే. అందులో ముఖమూ కనిపించాలి, వెనకున్న తెర అక్షరాలూ బయటికి రావాలి.

చవక కదా అని ముందు ఫిల్మే తెచ్చాను, కిటికీలకు వేసే వెండి రంగుది. 5 మిల్లీమీటర్ల మామూలు గాజు కోయించి, ఫ్యాన్ ఆపి, గచ్చు తుడిచి, సబ్బు నీళ్లు చల్లి, పాత ఏటీఎం కార్డుకు మెత్తటి గుడ్డ చుట్టి మధ్య నుంచి అంచులకు నీళ్లు నెట్టుకుంటూ వచ్చాను. గంటన్నర పట్టింది. ఆరాక చూస్తే ఒక్క దుమ్ము రేణువు, దాని చుట్టూ ఆవగింజంత బుడగ. మర్నాడు గుడికి బయల్దేరుతూ అమ్మ దాని ముందు నిలబడి నుదురు రెండుసార్లు తుడుచుకుంది. "ఇదేందే, నాకేమన్నా అంటిందా?" అంది. ఆ బుడగ సరిగ్గా ఆమె బొట్టు దగ్గరికి వచ్చింది. నాకు చాలా బాధేసింది.

ఇంకొకటి కూడా కనిపెట్టాను. పక్క నుంచి చూస్తే ట్యూబ్‌లైట్ గీత పక్కనే ఇంకో సన్న గీత. ఫిల్మ్ గాజు వెనక ఉంది కాబట్టి గాజు ముందు ముఖం కూడా కొంచెం వెలుతురు, దాదాపు 4 శాతం, తిప్పికొడుతుంది. మామూలు అద్దంలోనూ ఇది ఉంటుంది కానీ వెనక వెండి పూత అంత బలంగా మెరుస్తుంటే కంటికి ఆనదు. పోనీ ఫిల్మ్ ముందువైపే వేద్దామంటే రోజూ తడిగుడ్డతో తుడిచే ఇంట్లో గీతలు పడకుండా ఎన్నాళ్లుంటుంది? లోపలి తెర ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి ఫిల్మ్ బాగుంది. రోజూ ముఖం చూసుకునే అద్దానికి మాత్రం నేను ఇక వాడను.

అద్దంలా మెరుస్తూనే వెనక వెలుతురును కొంత వదిలే టూవే గాజు అడిగితే మా వైపు షాపులో బిల్డింగుల ముందు వేసే నీలం రిఫ్లెక్టివ్ గాజు చూపించారు. "ఇదే మేడమ్, బయట నుంచి లోపల కనపడదు" అన్నారు. ఫోన్లో నల్లటి తెర మీద తెల్లక్షరాలు పెట్టి, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి ఆ గాజు వెనక ఆనించాను. అక్షరాలు నీలంగా, అడుగున ఎక్కడో ఉన్నట్టు కనిపించాయి. ఫోన్‌తో ఈ పరీక్ష షాపు లోపలా, బయట ఎండలోనూ చేయకుండా ఏ ముక్కా కొనకండి. టూవే అక్రిలిక్ షీటు తేలికే, కోయడమూ సులువే. కానీ చూసిన 3 మిల్లీమీటర్ల ముక్క కాస్త వంగి ఉండి, నా గడ్డం పొడుగ్గా కనిపించింది.

చివరికి 70 శాతం తిప్పికొట్టి 30 శాతం వదిలే గాజు ఆర్డర్ పెట్టి తెప్పించాను. ఫిల్మ్‌కీ మామూలు గాజుకీ కలిపి పెట్టినదానికి నాలుగు రెట్లయింది. తెర వెలుతురులో మూడో వంతు కూడా బయటికి రాదు కాబట్టి బాల్కనీ ఎదురుగోడ మీద పగలు అక్షరాలు మాయమైపోయాయి. పూజగది పక్క గోడకు మార్చాను, అక్షరాలు లావు చేశాను. తెర లేని చోటంతా గాజు వెనక నల్ల చార్టు అంటించాను, లేకపోతే లోపలి వైర్లు తెలిసిపోతాయి. రాత్రి లైట్లు ఆపితే తెర మేర బూడిద రంగు పలకలా ఇంకా కనిపిస్తోంది. ఎల్‌సీడీ నలుపు పూర్తి నలుపు కాదు మరి. అందుకే తొమ్మిది దాటాక తెర ఆగిపోయేలా పెట్టాను.

నిన్న పొద్దున అమ్మ బొట్టు పెట్టుకుని, వేలికంటిన కుంకుమ కొంగుకు తుడుచుకుని, అద్దంలో తిథి చదివింది. "వర్జ్యం కూడా పెట్టవే" అంది.