అన్నం కాలేయంలోకి వెళ్లదు: జీర్ణవ్యవస్థ పాఠం గట్టెక్కిన నా అనుభవం

పదో తరగతి పోషణ పాఠంలో మానవ జీర్ణవ్యవస్థ ఈ వారమే పూర్తి చేశాను. చిన్న పరీక్ష పెట్టి పేపర్లు కూడా దిద్దేశాను. సైన్సు చెప్పే తోటి టీచర్లకు, ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి చదివించే తల్లిదండ్రులకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

నోరు, పళ్లు, లాలాజలం దగ్గర ఎవరికీ ఇబ్బంది రాదు. లాలాజలం పిండిపదార్థాన్ని మారుస్తుందని చూపే అయోడిన్ ప్రయోగం మాత్రం చాలా బళ్లలో విఫలమవుతుంది. కారణం దాదాపు ప్రతిచోటా ఒక్కటే, గంజి చిక్కగా ఉండటం. పావు చెంచా బియ్యప్పిండిని 100 మిల్లీలీటర్ల నీళ్లలో కాచి, పూర్తిగా చల్లార్చి, పైతేట వాడండి. వేడి గంజిలో లాలాజలం కలిపితే దానిలోని ఎంజైము (ఆహారాన్ని విడగొట్టే పదార్థం) అక్కడికక్కడే పాడవుతుంది. అయోడిన్‌ను పరీక్షనాళికలోకి వంపకండి. తెల్ల పింగాణీ పళ్లెంలో విడివిడిగా చుక్కలు పెట్టుకుని, రెండేసి నిమిషాలకు నాళికలోంచి ఒక చుక్క తీసి ఒక్కో అయోడిన్ చుక్కలో కలపండి. పిండిపదార్థం తగిలితే వచ్చే నీలి నలుపు రంగు మెల్లగా గోధుమ రంగులోకి తగ్గడం వరుసగా కనబడుతుంది. లాలాజలం కలపని నాళికను పక్కనే ఉంచి దాన్నీ అలాగే పరీక్షించాలి. ల్యాబులో అయోడిన్ లేకపోతే మందుల షాపులో దొరికే బెటడిన్‌ను నీళ్లలో పలచన చేసినా పని జరుగుతుంది.

ఆహారవాహికకు పాత సైకిల్ ట్యూబు ముక్క, నూనె రాసిన ఉడికిన ఆలుగడ్డ చాలు. నూనె రాయకుండా ఒకసారి, రాసి ఒకసారి పిల్లల చేతే నొక్కించి ముందుకు నెట్టించండి. కండరాల అలల కదలిక, లాలాజలం వల్ల వచ్చే జారుడు, రెండూ వాళ్ల వేళ్లకే తెలుస్తాయి.

పొడవుల కోసం మంచానికి అల్లే నవారు వాడాను. ఆహారవాహిక 25 సెంటీమీటర్లు, చిన్నపేగు 6 మీటర్లు, పెద్దపేగు ఒకటిన్నర మీటరు. ఒక్కోదానికి ఒక్కో రంగు పూసి, ఆ చివర నుంచి ఈ చివరకు పిల్లల చేత పట్టించాను. చిన్నపేగు చీరకంటే పొడుగని తేలగానే తరగతంతా గోల. ఆరేడు మీటర్లన్నది శవపరీక్షల్లో కొలిచిన లెక్క. ప్రాణమున్న మనిషిలో పేగు కండరాలు కొంత బిగిసి ఉంటాయి కాబట్టి పొడవు అంతకంటే తక్కువే ఉంటుంది. ఈ మాట పిల్లలకు చెప్పాలి. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయమనండి.

అవయవాల చోటు దగ్గర కాస్త ఆగాలి. జీర్ణాశయం ఎక్కడ అని అడిగితే పదిమందిలో ఎనిమిది మంది బొడ్డు మీద చెయ్యి పెడతారు. అది పైన ఎడమవైపు, కింది పక్కటెముకల చాటున ఉంటుంది. కాలేయం కుడివైపు, ఉదరవితానం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర) కిందే. చార్టులో బొమ్మ మనకు ఎదురుగా నిలబడి ఉంటుంది కాబట్టి దాని కుడి మనకు ఎడమ. పిల్లలు అలాగే చూసి కాలేయాన్ని ఎడమకు తోసేస్తారు. పాత బనియన్ మీద రంగు గుడ్డలతో కత్తిరించిన అవయవాలు పిన్నులతో అంటించి, ఒక పిల్లాడికి తొడిగితే ఈ తికమక పోతుంది. ముందు తరగతికి వీపు పెట్టి నిలబడమని, కుడిచెయ్యి ఎత్తమని చెప్పి, తర్వాత తిరగమనండి. ఎత్తిన చెయ్యి వైపే కాలేయం.

ఇక అసలు సంగతి. ఏటా ఈ పాఠంలో నన్ను సతాయించేది, మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలు కూడా రాసే ఒక వాక్యం: "ఆహారం నోరు, ఆహారవాహిక, జీర్ణాశయం, కాలేయం, చిన్నపేగు, పెద్దపేగు ద్వారా ప్రయాణిస్తుంది." కొందరు క్లోమాన్ని (పాంక్రియాస్) కూడా ఈ వరుసలో కలుపుతారు. బొమ్మ బ్రహ్మాండంగా గీస్తారు, భాగాల పేర్లన్నీ సరిగ్గా పెడతారు, ఆ కిందే ఈ వాక్యం రాస్తారు. మొదట్లో అశ్రద్ధ అనుకునేవాళ్లం. అశ్రద్ధ అయితే ఒక్కొక్కరు ఒక్కో రకంగా తప్పు రాయాలి. అందరూ ఒకే తప్పు, అదీ ఒకే చోట రాస్తున్నారంటే లోపం మనం చూపిస్తున్న బొమ్మలో ఉంది.

ఏ చార్టయినా తీసి దగ్గరగా చూడండి. జీర్ణాశయాన్ని ఆనుకుని కాలేయం, దాని కింద పిత్తాశయం (పైత్యరసం నిల్వ ఉండే సంచి), జీర్ణాశయం వెనక క్లోమం. అన్నింటికీ ఒకే మందం గీత, అన్నింటికీ ఒకేలాంటి పేరు గీత. గొట్టం ఏదో, గొట్టం బయట ఉండి రసం పంపే గ్రంథి ఏదో ఆ బొమ్మ చెప్పదు. పైత్యరస నాళం వెంట్రుకంత గీత. వెనక బెంచీలో కూర్చున్న పిల్లకు అది కనబడనే కనబడదు. అంత పెద్ద కాలేయం దారిలో కూర్చుని ఉంటే అన్నం దాన్ని తప్పించుకుని ఎలా పోతుందని ఆ పిల్ల అనుకోవడంలో వింతేముంది? గైడ్లది ఇంకో ఘోరం. "జీర్ణవ్యవస్థలోని అవయవాలు" అని పై నుంచి కింది దాకా ఒకే జాబితా వేసి కాలేయాన్ని మధ్యలో ఇరికిస్తాయి.

కాబట్టి మొదటి రోజు గ్రంథుల పేరే ఎత్తకండి. పేజీ నిండా ఒకే గొట్టం, నోటి నుంచి పాయువు దాకా, ఒకే గోధుమ రంగులో గీయించండి. గొట్టం ఎక్కడ వెడల్పవుతుందో, ఎక్కడ మెలికలు తిరుగుతుందో, సంవరణీ కండరాలు (దారిని మూసి తెరిచేవి) ఎక్కడెక్కడ ఉన్నాయో అంతే. పుస్తకం మూయించండి. రెండో రోజు అదే బొమ్మ మీద వేరే రంగుతో లాలాజల గ్రంథులు, కాలేయం, పిత్తాశయం, క్లోమం వేయించండి. ఒక్కో గ్రంథి నుంచి గొట్టం వైపు బాణం గుర్తు తప్పనిసరి. బాణం కొన ఎప్పుడూ గొట్టం వైపే ఉండాలి. పేరు పెట్టి బాణం మరిచినవాళ్లకు నేను మార్కు వేయను.

బొమ్మతోనే అందరికీ ఎక్కదు. ఒక పరికరం కట్టాను. ముప్పావు ఇంచు పారదర్శక పైపు మీటరు ముక్క, మందుల షాపులో రెండు కొత్త సెలైన్ సెట్లు, ఒక త్రీవే (మూడు నోళ్లుండే చిన్న ప్లాస్టిక్ జాయింటు), రెండు ఖాళీ నీళ్ల సీసాలు, ఒక గరాటు, కింద బకెట్. వాడేసిన సెట్లు ఎవరు ఉచితంగా ఇస్తామన్నా తీసుకోకండి. కొత్త సెట్లకు సూదులు ఉంటే ముందే తీసేయండి.

పైపును బోర్డుకు నిలువుగా కట్టాలి. మధ్యలో కాల్చిన మేకుతో, త్రీవే మూతి బిగుతుగా పట్టేంత చిన్న రంధ్రం చేసి, అక్కడ మూతి దూర్చి చుట్టూ ఎంసీల్ పెట్టాలి. ఆ చోటే ఆంత్రమూలం, అంటే చిన్నపేగు మొదటి భాగం. త్రీవేకు మిగిలిన రెండు నోళ్లకు రెండు సెలైన్ గొట్టాలు తగిలించాలి. పైత్యరస నాళం, క్లోమ నాళం రెండూ కలిసి ఒకే ద్వారం గుండా ఆంత్రమూలంలోకి తెరుచుకుంటాయన్న సంగతి ఇక్కడ ఊరికే తెలిసిపోతుంది. సీసా మూతలకు చిల్లు పెట్టి సెలైన్ సెట్టు ములుకు దూర్చి, సీసాలను తలకిందులుగా, రంధ్రానికి అడుగు ఎత్తున కట్టాలి. సీసా అడుగున చిన్న గాలి చిల్లు పెట్టడం మరిచిపోతే పది చుక్కలు పడి ఆగిపోతుంది.

ఒక సీసాలో పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు నీళ్లు, అది కాలేయం, పిత్తాశయం కలిపి. రెండోదానిలో అర లీటరు నీళ్లకు చెంచాడు వంటసోడా, అది క్లోమం. క్లోమరసానికి రంగు ఉండదు కాబట్టి రంగు కలపకండి. అన్నం బదులు పలచటి రాగి జావ, గుడ్డలో వడకట్టింది, అందులో కొద్దిగా నిమ్మరసం. నిమ్మరసం జీర్ణాశయపు ఆమ్లానికి బదులు. ఎక్కువ పిండితే సోడాతో కలిసి పైపంతా నురగ పొంగుతుంది.

గరాటులో జావ పోస్తూ సెలైన్ చక్రాలు వదలండి. జావ పైపులో నేరుగా కిందకు పోతుంది, పక్క నుంచి ఆకుపచ్చ చుక్కలు వచ్చి కలుస్తాయి. సీసాల వైపు ఒక్క చుక్క జావ కూడా పోదు. "జావ కాలేయం సీసాలోకి వెళ్లిందా?" అని అడగండి. అంతకుమించి మీరు మాట్లాడాల్సిన పని లేదు. పైన జావలో ముంచిన నీలి లిట్మస్ ఎర్రబడుతుంది, బకెట్‌లో దానిలో అంత మార్పు ఉండదు. చిన్నపేగులో ఎంజైములు పనిచేయాలంటే ఆమ్లం ముందు తగ్గాలి, ఆ పని క్లోమరసంలోని బైకార్బనేటు (వంటసోడాలో ఉండేదే) చేస్తుంది. పైపు కింది చివర మూసుకుపోతే మాత్రం జావ సెలైన్ గొట్టంలోకి ఎగదన్నుతుంది. అందుకే వడకట్టమన్నాను.

ఇది నడుస్తుండగా తనిఖీకి వచ్చిన ఒక అధికారి పైపునీ సీసాలనీ చూసి, "ఇదేం ప్లంబింగ్ పని? చార్టు లేదా మీ బడిలో?" అని పిల్లల ముందే అన్నారు. తర్వాత ఒక అమ్మాయిని లేపి పైత్యరసం ఎక్కడ తయారవుతుందని అడిగారు. "కాలేయంలో సార్" అంది. వెరీగుడ్ అని, రిజిస్టర్‌లో చార్టులు ప్రదర్శించవలెనని రాసి వెళ్లారు. నిలబడి వినడం తప్ప ఆ క్షణంలో చేయగలిగింది లేదు. కానీ ఇది చెప్పి తీరాలి. ఆ ప్రశ్నకు బట్టీ పట్టిన పిల్ల కూడా జవాబు చెబుతుంది. అన్నం ఏ దారిన పోయిందో, ఏది వచ్చి దానిలో కలిసిందో అడిగితేనే అర్థమైందో లేదో తెలుస్తుంది. గోడకు చార్టు ఉందా లేదా అని చూసే తనిఖీలు ఉన్నన్నాళ్లూ టీచర్లు థర్మోకోల్ బొమ్మలే చేస్తారు. వాటితో తరగతి అలంకారమవుతుంది, అంతే.

పైత్యరసం చేసే పని చూపించడానికి మటన్ షాపుకు వెళ్లండి. కాలేయం కోసేటప్పుడు చేదు సంచిని, అంటే పిత్తాశయాన్ని, వాళ్లే తీసి పారేస్తారు, అది పగిలితే కార్జం చేదెక్కుతుంది కాబట్టి. ముందు రోజు చెప్పి ఉంచితే మెడ దారంతో కట్టి ఇస్తారు. ప్రధానోపాధ్యాయులకు, పిల్లలకు ముందే చెప్పండి. మాంసం ముట్టని పిల్లలను బలవంతపెట్టొద్దు, వాళ్లకు దూరం నుంచి చూసే వీలివ్వండి. చేతి తొడుగులు, చివర సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి. రెండు పరీక్షనాళికల్లో 10 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు, ఒక్కో మిల్లీలీటరు పల్లి నూనె. ఒకదానిలో మాత్రం 2 మిల్లీలీటర్ల పైత్యరసం. బిరడా పెట్టి రెండింటినీ ఒకేలా గట్టిగా ఊపి నిలబెట్టండి. పైత్యరసం లేనిదానిలో నూనె పైకి తేలుతుంది. పైత్యరసం ఉన్నదానిలో చిన్న చిన్న బిందువులుగా విడిపోయి మబ్బుగా ఉంటుంది.

రెండూ మబ్బుగానే ఉన్నాయంటే నాళికకు సబ్బు అంటుకుని ఉందన్నమాట. సబ్బు కూడా నూనెను అలాగే విడగొడుతుంది. మంచినీళ్లతో బాగా కడిగి మళ్లీ చేయండి. ఇంకా తేలికైనది గంధకం పొడి: నీళ్ల మీద చల్లితే తేలుతుంది, పైత్యరసం కలిపిన నీళ్ల మీద చల్లితే మునుగుతుంది. పైత్యరసంలోని లవణాలు నీటి తలతన్యతను (నీటి పైపొర బిగువును) తగ్గిస్తాయి. "పైత్యరసంలో ఎంజైములు ఉంటాయి" అన్న తప్పు సమాధానాన్ని ఇక్కడే తుడిచేయాలి. నూనె విడిపోయింది కానీ జీర్ణం కాలేదు. జీర్ణం చేసేది క్లోమరసంలోని లైపేజు అనే ఎంజైము.

మేక జీర్ణాశయాన్ని మాత్రం తేకండి. అది నెమరువేసే జంతువు, నాలుగు గదులు ఉంటాయి. మనిషిదీ అంతేనని పిల్లలు రాసేస్తారు. జీర్ణాశయం గురించి చెప్పడానికి 1822లో తుపాకీ గాయంతో పొట్టకు రంధ్రం పడిన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ ఉదంతం చాలు. అమెరికా సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్ ఆ రంధ్రం గుండా దారానికి కట్టిన ఆహారం వేసి, తీసి చూసి 1833లో పుస్తకం అచ్చువేశాడు. ఆ గాయపడిన మనిషి పడ్డ బాధ కూడా పిల్లలకు చెప్పండి.

పరీక్షలో జాబితా అడగకుండా ఒకే ప్రశ్న ఇచ్చాను: రాళ్లు వచ్చి పిత్తాశయం తీసేసిన మనిషి తిన్న అన్నం ఏ దారిన పోతుంది, అతనికి పైత్యరసం ఎక్కడి నుంచి వస్తుంది? ఇంట్లో ఎవరికో ఆ ఆపరేషన్ జరిగిన పిల్లలు తరగతిలో ఉండనే ఉంటారు, ఆసక్తిగా రాస్తారు. దారి మారదని, కాలేయం నుంచి పైత్యరసం నిల్వ లేకుండా నేరుగా పేగులోకి వస్తుందని ఎక్కువమంది రాశారు. అన్నాన్ని కాలేయంలోకి పంపినవాళ్లు ఈసారి ఒక్కరూ లేరు. ఆ అధికారి మళ్లీ వస్తే ఈ పేపర్లు చూపిస్తాను.

చివరగా ఒక జాగ్రత్త. చురుకైన పిల్లలు ఎవరైనా "మరి జీర్ణమైన ఆహారం కాలేయానికి వెళ్తుందని ఎక్కడో చదివాను సార్" అంటారు. వాళ్లను కసరకండి, వాళ్లు చదివింది నిజమే. చిన్నపేగులోని ఆంత్రచూషకాలు (లోపలి గోడ మీద వేళ్లలా పొడుచుకొచ్చిన సన్నని మడతలు) పీల్చుకున్న గ్లూకోజు, అమైనో ఆమ్లాలు రక్తంలో కలిసి హెపాటిక్ పోర్టల్ సిర ద్వారా ముందు కాలేయానికే చేరతాయి. కొవ్వులు చాలావరకు శోషరస నాళాల దారి పడతాయి. అంటే కాలేయానికి వెళ్లేది ముద్దగా ఉన్న అన్నం కాదు, పేగు గోడ దాటి రక్తంలో కరిగిన పోషకాలు. దీన్ని గొట్టం, గ్రంథులు స్థిరపడ్డాక, మూడో రోజు, మూడో రంగుతో, అదే బొమ్మ మీద పేగు నుంచి కాలేయం వైపు బాణంగా వేయించండి. మొదటి రోజే వేయిస్తే మళ్లీ కథ మొదటికొస్తుంది.