మా పాతింటి గోడ, డంగు సున్నం

పల్నాడులో మా తాత కట్టించిన ఇల్లుంది. మందపాటి ఇటుక గోడలు, లోపలా బయటా డంగు సున్నమే, అంటే ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం. పదేళ్ల కిందట గోడ అడుగున పెచ్చులూడుతుంటే నేనే సిమెంటు పూయించాను. రెండు వానాకాలాలు బాగానే ఉంది. ఆ తర్వాత సిమెంటు అంచుకు పైన, నడుం ఎత్తున, తెల్లగా ఉప్పు పూసింది. నేలలోంచి ఎక్కే చెమ్మ సున్నంలోంచి అయితే ఎప్పటికప్పుడు ఆరిపోయేది. సిమెంటు అడ్డం పడేసరికి ఇంకా పైకి పాకింది. ఊడదీయిస్తే వెనక ఇటుక చేత్తో నలిపితే రాలుతోంది.

ఈసారి సున్నమే అన్నాను. కుర్ర మేస్త్రీలు నవ్వారు. చివరికి డెబ్బై దాటిన తాపీ మేస్త్రీ ఒకాయన, తన మాట వింటానంటేనే వస్తానన్నాడు.

సున్నం కోసం తిరగనక్కర్లేదు, పిడుగురాళ్ల బట్టీలు దగ్గరే. గుంతలో వేసి నీళ్లు పోస్తే కుతకుత ఉడికింది. అది కంట్లో చిందితే చూపుకే ప్రమాదం, పిల్లల్ని అటు రానివ్వలేదు. మూడు వారాలు నాననివ్వమన్నాడు మేస్త్రీ. నాకేమో సెలవు అయిపోతోందని టెన్షన్. పోరుపెట్టి నాలుగో రోజే తీయించి వెనక గదికి పూయించాను.

వారం తిరిగేసరికి గోడ నిండా గోరంత గుంటలు. ఒక్కోదాని మధ్య ఆవగింజంత తెల్ల చుక్క. నీళ్లు పూర్తిగా తాగని పలుకులు గోడలోకి వెళ్లాక తడికి ఉబ్బి, పై పూతను తన్నేశాయి. మేస్త్రీ ఒక పలుకు గోటితో పెకిలించి నా అరచేతిలో పెట్టాడు. "ఇదిగో బాబూ, మీ సెలవు."

లీవు పొడిగించుకున్నాను. చార్మినార్ 1591 నుంచి సున్నంతోనే నిలబడిందని అందరం చెప్పుకుంటాం గానీ, సున్నం ఎన్నాళ్లు నానాలో ఎవరూ చెప్పరు.

ఈలోపు బెల్లం, నలగ్గొట్టిన కరక్కాయలు కుండలో ఊరేశాం. అయిదో రోజుకు పెరడంతా సారా బట్టీ వాసన. నానిన సున్నాన్ని జల్లెడ పట్టి, ఒక పాలుకి రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు ఇటుక పొడి వేసి, ఆ ఊట నీళ్లతో కలిపించాడు. మిక్సర్ తెప్పిస్తానంటే, "అందులో కలుస్తది గానీ నలగదు" అన్నాడు. ఊరి గానుగ రాయి ఎప్పుడో సగం మట్టిలో కూరుకుపోయింది. ఇద్దరు మనుషులు రోకళ్లతో దంచారు.

అరంగుళం మించకుండా పూత, అది గట్టిపడ్డాకే రెండోది, పైన తడి గోనెసంచులు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ సున్నం మళ్లీ రాయి కావాలి, అదేమో నిదానంగా జరిగే పని. కొత్త బాత్రూం గోడకూ ఇదే పూద్దామంటే మాత్రం ఆయనే వద్దన్నాడు, అక్కడికి సిమెంటే మేలట.

మొన్న వానలకు ఒక మూల మళ్లీ కాస్త ఉప్పు పూసింది, ఇటుకలో మిగిలిందే. చీపురుతో దులిపితే రాలిపోయింది, కింద పూత చెక్కుచెదరలేదు. వెనక గదిలో గుంటలు ఇంకా అలాగే ఉన్నాయి, పూడ్పించలేదు.