వయ్యారిభామ పుప్పొడి లెక్క: జూలై నుంచి డిసెంబరు దాకా

ఒక సంగతి తేలింది. ఉప్పల్ వైపు మా డాబా మీద కలుపు మొక్కల పుప్పొడి ఎక్కువయ్యేది వానల్లో కాదు, వానలు తగ్గాక. ముసురు పట్టిన వారమంతా పుప్పొడి పట్టేందుకు పెట్టిన గాజు స్లైడు దాదాపు ఖాళీ. గాలిలో ఉన్నదాన్ని చినుకులు కడిగేస్తాయి. అదే వాన ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామను మొలిపిస్తుంది, నెలా రెండు నెలల్లో తెల్లపూలు. సెప్టెంబరు చివర్లో వరపిచ్చిందో లేదో స్లైడ్లు నిండడం మొదలైంది.

పుప్పొడి పట్టే పరికరం 1946లో డర్హం అనే పరిశోధకుడు చెప్పిన పద్ధతిదే. రెండు స్టీలు పళ్లాలు, మధ్య మూడంగుళాల ఎడం, ఆ నడుమ వాజలిన్ పూసిన స్లైడు. రోజూ పొద్దున ఎనిమిదింటికి మారుస్తాను. పై పళ్లెం ఏటవాలు జల్లును ఆపదు. వాజలిన్ పలచగా ఉండాలి, మందమైతే ఫోకస్ కుదరదు. రంగుకు సఫ్రానిన్ కలిపిన గ్లిజరిన్ జెల్లీ. దాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగిస్తేనే బుడగలు రావు.

మైక్రోస్కోపు 40ఎక్స్ కటకం కింద వయ్యారిభామ రేణువు చిన్నది, 20 మైక్రాన్లకు అటూ ఇటూ, ఒళ్లంతా ముళ్లు. గడ్డిది నున్నగా, ఒకే రంధ్రంతో ఉంటుంది. తోటకూర జాతికి చుట్టూ రంధ్రాలే. చిలకతోటకూర, ముళ్లతోటకూర, ఉత్తరేణి రేణువులను మామూలు మైక్రోస్కోపుతో విడదీయలేం కాబట్టి మూడింటికీ ఒకే గడి. ఆముదాన్నీ లెక్కలో వేస్తున్నా, మా చుట్టుపక్కల అదీ కలుపే.

గొడవంతా వయ్యారిభామతోనే. దాని పుప్పొడి ముద్దలుగా కూడా పడుతుంది, ఒక్క ముద్దతో ఆ రోజు అంకె ఎగిరిపోతుంది. అందుకే ముద్దలకు వేరే గడి పెట్టాను. ఇంకోటి, ఈ పళ్లాలతో ఘనమీటరు గాలికి ఇన్ని రేణువులని చెప్పలేం. బర్కార్డ్ యంత్రమైతే నిమిషానికి 10 లీటర్ల గాలి పీలుస్తుంది, దానితో చెప్పొచ్చు. డాబా మీద సరదాకి అంత ఖర్చు ఎందుకు? నా స్లైడును నా స్లైడుతోనే పోల్చుకుంటాను.

నవంబరులో గడ్డీ, తోటకూర జాతీ తగ్గాయి. వయ్యారిభామ మాత్రం మురికికాల్వల గట్ల మీద తడి ఉన్నంతసేపూ పూస్తూనే ఉంది. పీకేవాళ్లు పూతకు ముందే, చేతితొడుగులు వేసుకుని పీకాలి. ఆ మొక్కలోని పార్థెనిన్ అనే రసాయనం తగిలితే కొందరికి దద్దుర్లొస్తాయి.

ఫిబ్రవరిలో నెమలినార పూతకొస్తే చెట్ల పుప్పొడి వచ్చి కలుస్తుంది. ఆలోపు రెండో జత పళ్లాలు ప్లాటు పక్క ప్రహరీ మీద పెట్టి, డాబాకీ దానికీ తేడా చూడాలి.