లతీఫ్ సాబ్, జాగ్వార్లు, ఒక పాత గొడవ

నాది ఇంజన్ ఫిట్టర్ ట్రేడ్. ఎనభైల్లో అంబాలా ఎయిర్‌బేస్‌లో జాగ్వార్ యుద్ధ విమానాల మీద పనిచేశాను. ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ అనగానే అందరూ "మొదటి ముస్లిం ఎయిర్ చీఫ్" అంటారు. నాకు మాత్రం ముందు జాగ్వారే గుర్తొస్తుంది. నేను చేరేసరికి ఆయన రిటైరయ్యారు. ఎప్పుడూ ఎదురుగా చూడలేదు. అయినా మా హైదరాబాదీ కదా, మెస్‌లో ఆయన మాట వస్తే నేను కాస్త ఛాతీ విరుచుకునేవాణ్ణి.

1923 జూన్ 9న హైదరాబాద్‌లో పుట్టారు. నిజాం కాలేజీలో చదివి, పద్దెనిమిదేళ్లకే ఎయిర్‌ఫోర్స్‌లో చేరారు. బేగంపేటలో శిక్షణ. 1942 జనవరి 26న కమిషన్ వచ్చింది, అంటే ఆఫీసర్ అయ్యారు. మొదటి పోస్టింగ్ కరాచీ. వాపిటీ, హార్ట్, ఆడాక్స్ అనే రెండు రెక్కల పాత విమానాల్లో అరేబియా సముద్రం మీద తిరుగుతూ జలాంతర్గాముల కోసం వెతకడం డ్యూటీ. పైన కప్పు కూడా ఉండదు, గాలంతా మొహానికే. ఆ తర్వాత బ్రిటన్ పంపితే అక్కడ హరికేన్లు, స్పిట్‌ఫైర్లు నేర్చుకుని వచ్చారు. రాగానే బర్మా యుద్ధం.

దేశ విభజన రోజుల్లో ఆయన తోటి ఆఫీసర్లు అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్ ఎయిర్‌ఫోర్స్‌కు రమ్మని పిలిచారు. మతం వేరు, దేశం వేరు అని చెప్పి ఈయన ఇక్కడే ఉండిపోయారు. ఆ ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు అక్కడ ఎయిర్‌ఫోర్స్‌కు అధిపతులయ్యారు. ఈ సంగతి చాలాచోట్ల రాశారు. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఇంకోటుంది. 1947లో ఆయన "నేను భారత్‌లోనే ఉంటాను" అన్నప్పుడు ఆయన పుట్టిన ఊరే ఇంకా భారత్‌లో లేదు. నిజాం ఎటూ తేల్చకుండా నానుస్తున్నాడు. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగితే గానీ హైదరాబాద్ కలవలేదు. సొంతూరు ఏ దేశంలో పడుతుందో తెలియకుండానే ఆ పాతికేళ్లైనా నిండని కుర్రాడు తన యూనిఫాం ఏదో తేల్చుకున్నాడు. ఆ ఏడాది ఎంత టెన్షన్ పడి ఉంటారో అనిపిస్తుంది నాకు.

1950లో గణతంత్ర దినం నాడు ఢిల్లీ మీద విమానాలు బారుగా ఎగిరే ఫ్లైపాస్ట్‌కు నాయకత్వం వహించింది ఆయనే. అప్పుడు ఆయన నాలుగో స్క్వాడ్రన్ కమాండర్, టెంపెస్ట్ విమానాలు. తేదీ చూడండి, జనవరి 26. కమిషన్ వచ్చి సరిగ్గా ఎనిమిదేళ్లు.

తర్వాత అంతా పెద్ద ఆఫీసర్ల దారే. 1961లో వాషింగ్టన్‌లోని మన రాయబార కార్యాలయంలో ఎయిర్‌ఫోర్స్ ప్రతినిధి (ఎయిర్ అటాషే). 1971 యుద్ధానికి ఎయిర్ హెడ్‌క్వార్టర్స్‌లో ప్లాన్స్ చూసే అసిస్టెంట్ చీఫ్. ర్యాంకు పెరిగేకొద్దీ పైలట్‌కు కాక్‌పిట్ దూరమవుతుంది, ఫైలు దగ్గరవుతుంది. మా ఎయిర్‌మెన్ దాన్ని వేళాకోళం చేసేవాళ్లం గానీ, ఆ ఫైళ్లలో తేలిన విమానాలతోనే మా రోజులన్నీ గడిచాయి.

జాగ్వార్ సంగతే తీసుకోండి. అప్పటికున్న కాన్‌బెర్రా, హంటర్ విమానాలు పాతబడ్డాయి, శత్రువు లోపలిదాకా వెళ్లి కొట్టే విమానం కావాలని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఫ్రాన్స్ మిరాజ్ ఎఫ్-1, స్వీడన్ విగ్గెన్, ఈ జాగ్వార్ పోటీలో ఉన్నాయి. విగ్గెన్ ఇంజన్‌కు మూలం అమెరికాది కాబట్టి వాళ్లు అడ్డం కొట్టారు. 1978 సెప్టెంబరు 1న లతీఫ్ చీఫ్ అయ్యారు. ఆ అక్టోబరుకల్లా జాగ్వార్ ఖాయమైంది. 1979 జులైలో మొదటివి అంబాలాలో దిగాయి, అవీ బ్రిటన్ ఎయిర్‌ఫోర్స్ దగ్గర అరువు తెచ్చినవి. తర్వాత బెంగళూరు హెచ్ఏఎల్‌లో తయారీ మొదలైంది.

దాని రెండు ఇంజన్లకూ మన ఎండ పడదు. మే నెలలో బరువు నింపి వదిలితే రన్‌వే చాలదేమో అని నేల మీద ఉన్న మేమే ఊపిరి బిగబట్టేవాళ్లం. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి జాగ్వార్ గాల్లోకి లేస్తోందని బ్రిటన్ వాళ్లే జోకులేసేవాళ్లు. కానీ ఒకసారి లేచి కిందకు దిగి, చెట్లను రాసుకుంటున్నట్టు పోయిందంటే దాని ముందు ఇంకోటి నిలబడదు. ఇది నా అభిమానం, నాతో వాదించకండి.

ఎగరబోయే ముందు ఫారం 700 అని ఒక పుస్తకం ఉంటుంది. ఇంజన్ చూసి నా గడిలో నేను సంతకం పెడతాను. పైలట్ వచ్చి మా సంతకాలన్నీ చదివి, కింద తనది పెడతాడు. తర్వాత విమానం చుట్టూ ఒకసారి తిరుగుతాడు, నేల మీద ఉన్నప్పుడు భద్రత కోసం గుచ్చే ఎర్ర రిబ్బన్ల పిన్నులు అన్నీ తీశామా లేదా చూసుకుంటూ. ఎంత పెద్ద ర్యాంకు వాడైనా ఈ తతంగం తప్పదు.

లతీఫ్ హయాంలోనే మిగ్-23లు, మిగ్-25లు వచ్చాయి. ధ్వనికి మూడింతల వేగం దరిదాపుల్లో పోయే ఆ మిగ్-25లో, 1981 ఆగస్టులో రిటైర్ కాబోయే ముందు ఆయన స్వయంగా ఎగిరారు. వయసు 58. వాపిటీలో మొదలుపెట్టిన మనిషి!

తర్వాత 1982 నుంచి 85 దాకా మహారాష్ట్ర గవర్నర్, ఆపైన 88 వరకు ఫ్రాన్స్‌లో రాయబారి. తమాషా ఏమిటంటే మామగారు అలీ యావర్ జంగ్ కూడా ఈ రెండు పదవులూ చేశారు. భార్య బిల్కీస్ గారు బొంబాయి ధారావి మురికివాడలో చేసిన సేవ గురించి విడిగా ఇంకో పోస్టు రాసేంత ఉంది, ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

2018 ఏప్రిల్ 30న 94 ఏళ్ల వయసులో హైదరాబాద్‌లోనే పోయారు. ఆ రోజు మా అంబాలా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకటే దండాలు, పాత ఫొటోలు. మధ్యాహ్నానికి ఒకడు "జాగ్వార్ బదులు మిరాజ్ తీసుకుని ఉంటేనా..." అని మొదలుపెట్టాడు. ఇక చూస్కోండి, రాత్రి పదింటి దాకా కొట్టుకున్నాం.