ఏడూ పది బస్సు, మా ఇంటి టిఫిన్

మా పాప నాలుగో తరగతి. స్కూలు బస్సు 7:10కి వీధి చివర ఆగుతుంది. పోయిన జూన్‌లో బడి తెరిచిన రెండో వారం టీచర్ గారు ఫోన్ చేశారు. "ప్రేయర్‌లో కళ్లు తిరుగుతున్నాయంటే కూర్చోబెట్టామండీ. పొద్దున ఏమైనా తినిందా?" తినలేదు. పాలు, రెండు బిస్కెట్లు, అంతే. ఆ రోజే కాదు, దాదాపు రోజూ అంతే. ఫోన్ పెట్టేశాక ఆఫీసులో చాలాసేపు పని మీద మనసు నిలవలేదు.

మొదట నాకు తోచింది ఇంకా తొందరగా లేవడం. నాలుగున్నరకే లేచి ఒక రోజు పూరీ, ఒక రోజు ఉప్మా, ఇంకో రోజు దోసెలు. వారం తిరక్కుండానే ఒళ్లు హూనమైంది. పోనీ తిందా అంటే అదీ లేదు. ముద్ద నోట్లో పెట్టుకుని బుగ్గన దాచుకుని కూర్చునేది. నేను కసురుకోవడం, తను ఏడుస్తూ బస్సెక్కడం. ఆ వారం తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తిండి మీద అలక కాదు, దానికి ఆకలే లేదు. రాత్రి మేం అన్నాలు తినేసరికి తొమ్మిదిన్నర దాటేది. పొద్దున ఆరున్నరకు ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? పిల్లల భోజనం 7:45కి మార్చాం, తొమ్మిదికల్లా లైట్లు ఆర్పేశాం. పది రోజులయ్యాక ఒక పొద్దున తనే వంటింట్లోకి వచ్చి "అమ్మా, ఆకలేస్తోంది" అంది.

ఇక ఏం పెట్టాలి? మాది అనంతపురం. అమ్మతో ఫోన్లో చెప్పుకుంటే, "పొద్దున్నే ఆ పరుగులెందుకు? సగం పని రాత్రే చేసి పెట్టుకో. ఉగ్గాని మర్చిపోయినావా ఏమి?" అంది. నిజంగానే మర్చిపోయాను. ఉగ్గాని అంటే తడిపిన బొరుగులతో (మరమరాలతో) చేసే మా సీమ టిఫిన్.

రాత్రి ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి డబ్బాలో పెట్టుకుంటాను. వేయించిన శనగపప్పు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఉప్పు కలిపి కొట్టిన పప్పుల పొడి సీసాలో ఎప్పుడూ ఉంటుంది. పొద్దున బొరుగులు నీళ్లలో వేసి అరచేత్తో ముంచాలి. గరగరలాడేవి మెత్తబడుతున్నట్టు వేళ్లకు తెలుస్తుంది. తెలిసిన మరుక్షణం తీసి గట్టిగా పిండేయాలి, ఆలస్యమైతే ముద్దే. ఇక్కడ హైదరాబాద్‌లో కొన్న పల్చటి మరమరాలు మొదటిసారి అలాగే గంజైపోయాయి. వాటికి నీళ్లు చిలకరిస్తే చాలు. ఇప్పుడు బొరుగులు ఊరి నుంచే తెచ్చుకుంటున్నాను. పోపులో వేరుశనగలు, కరివేపాకు, ఉల్లి, మిర్చి, పసుపు వేసి, మగ్గాక బొరుగులు కలిపి, దించాక పప్పుల పొడి, నిమ్మరసం. అంతా కలిపి పన్నెండు నిమిషాలు. మా ఊళ్లో పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే, బడి రోజుల్లో మాత్రం ఉడికించిన గుడ్డు. బొరుగులు బియ్యమే కదా, ఒట్టివి తింటే పదింటికల్లా మళ్లీ ఆకలి. అందుకే పొడి, వేరుశనగలు చెయ్యి జారవిడిచే వేస్తాను.

వారానికి రెండు రోజులు రాగిజావ. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది, ఎదిగే పిల్లలకు ఇంతకంటే చవకైన తిండి నాకు కనిపించలేదు. పిండిని ముందు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, ఆ తర్వాతే మరిగే నీళ్లలో పోయాలి. రాత్రే కాచి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున మజ్జిగ, ఉప్పు, జీలకర్ర పొడి కలిపితే అయిపోయింది. పాపకు ఆ రంగు నచ్చలేదు. మొదటి రెండు వారాలు పాలు, బెల్లం కలిపి చిన్న గ్లాసుతో ఇచ్చాను, మెల్లగా మజ్జిగలోకి దింపాను.

పెసరట్టుకు పిండి పులియక్కర్లేదు. పొద్దున ఆఫీసుకు పోతూ పెసలు నానబెట్టి, రాత్రి అల్లం, పచ్చిమిర్చితో రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టేస్తున్నాను. ఇడ్లీ పిండి మాత్రం ఆదివారం రుబ్బితే బుధవారం దాకానే. గురువారానికి పులుపెక్కి పిల్లలు ముట్టరు, వారానికి సరిపడా రుబ్బుకోవాలన్న ఆశ వదిలేశాను.

గుడ్ల పెంకు తీయడం, జడలు వేయడం మా ఆయన పని. అది లేకపోతే ఇవేవీ సాగేవి కావు. చిన్నోడు ఇప్పటికీ జావ ముట్టడు, వాడికి ఆ రెండు రోజులూ పెసరట్టే. పాప మాత్రం స్టూలెక్కి బొరుగులు తనే పిండుతోంది, "ఇంకా నీళ్లున్నాయమ్మా" అంటూ నా చేతిలోవి కూడా లాక్కుంటుంది.