బాంబే స్ట్రీట్‌కు వెళ్ళే దారి

ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో ఒక బాంబే స్ట్రీట్ ఉంది. దాన్ని ఆనుకుని కాశ్మీర్ రోడ్డు, ఆ చుట్టుపక్కలే కాన్‌పూర్ స్ట్రీట్, లక్నో స్ట్రీట్. మన ఊళ్ళను దొరలు ఏలుతున్న కాలంలో పెట్టిన పేర్లు. ఇళ్ళకు వెళ్ళి వృద్ధులకు స్నానం చేయించి, మందులిచ్చి, టిఫిను పెట్టే కేర్ వర్కర్ పని నాది. ఆ వీధులు నా డ్యూటీ పట్టికలో ఉన్నాయి.

బాంబే స్ట్రీట్ పెరళ్ళ వెనక గోడ ఉంటుంది. కింద కాంక్రీటు, దాని మీద ఇనుప రేకు, ఆ పైన జాలీ. అవతల షాంకిల్ ప్రొటెస్టెంట్లు, ఇవతల ఫాల్స్ రోడ్డు కాథలిక్కులు. 1969 ఆగస్టులో ప్రొటెస్టెంట్ అల్లరిమూక ఈ వీధిలోని ఇళ్ళను తగలబెట్టింది. ఆ తర్వాత సైన్యం కంచె వేసి, ఇది కొద్దికాలమే అని చెప్పింది. కంచె కాస్తా గోడ అయింది, గోడ పెరిగింది. 2023 నాటికి ఇలాంటి గోడలన్నీ తీసేస్తామని 2013లో ఇక్కడి ప్రభుత్వం ప్రకటించింది. గడువు దాటిపోయింది, గోడ అక్కడే ఉంది. గోడను ఆనుకున్న పెరళ్ళకు పైన కూడా జాలీ బిగించారు, అవతలి నుంచి రాళ్ళూ సీసాలూ వచ్చి పడకుండా. ఆ జాలీ కిందే బట్టలు ఆరేస్తారు, పిల్లల సైకిళ్ళు పెడతారు. పర్యాటకులు ఫొటోలు తీసుకుంటారు. నాకు మాత్రం ఆ గోడంటే పెట్రోలు ఖర్చు.

షాంకిల్‌లో ఒక పెద్దావిడ, గోడకు ఇవతల, ఫాల్స్ వైపు క్లోనార్డ్‌లో ఒక పెద్దాయన సాయంత్రం నా వంతు. పక్షి ఎగిరితే రెండిళ్ళ మధ్య దూరం నిమిషం కూడా పట్టదు. పగలు లానార్క్ వే దగ్గర గేటు తెరిచి ఉంటుంది, కారులో చప్పున దాటేయవచ్చు. రాత్రి గేటు మూసేస్తారు, చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఇంటికీ ఇంటికీ మధ్య ప్రయాణానికి మా ఏజెన్సీ సరిగా డబ్బు కట్టివ్వదు. అంటే ఈ రెండు వర్గాల నాలుగు వందల ఏళ్ళ గొడవ చరిత్రకు కొంత ఖర్చు నా జేబులోంచి కూడా పోతోంది. 2021 ఏప్రిల్‌లో ఆ గేటు దగ్గరే రెండు వైపుల కుర్రాళ్ళు పెట్రోలు బాంబులు విసురుకున్నారు, ఒక సిటీ బస్సు తగలబడింది.

కొత్తగా వచ్చిన భారతీయులకు ఇక్కడివాళ్ళు ఒక జోకు చెబుతారు: ‘నువ్వు హిందువువే, సరే. కాథలిక్ హిందువువా, ప్రొటెస్టెంట్ హిందువువా?’ మాతో పనిచేసే నల్గొండ అమ్మాయికి ఇది ఎన్నోసార్లు చెప్పారు, ఆమె ఇప్పుడు నవ్వడం కూడా మానేసింది. నాతో ఆ జోకు కుదరదు. మాది గుంటూరు జిల్లా, లూథరన్ కుటుంబం. ఫాదర్ హయ్యర్ అనే లూథరన్ మిషనరీ 1842లో గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషను మాది. ప్రొటెస్టెంట్లంటే మొదట మేమే అనుకోవచ్చు, ప్రొటెస్టెంట్ మతాన్ని మొదలుపెట్టిన లూథరు పేరే పెట్టుకున్నాం కదా! అయితే ఇక్కడ ప్రొటెస్టెంట్లంటే ప్రెస్బిటేరియన్లు, చర్చ్ ఆఫ్ ఐర్లండ్ వాళ్ళు, మెథడిస్టులు. లూథరన్ అంటే షాంకిల్ పెద్దావిడకు అర్థం కాలేదు. జర్మనీ నుంచి వచ్చావా అని అడిగింది.

మా ఊళ్ళో ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) గుడి ఒక వీధిలో, మా గుడి మరో వీధిలో. మా పిన్నిని ఆర్‌సీఎం ఇంటికిచ్చారు. పెళ్ళి ఏ గుళ్ళో అన్నదాని మీద కొంత రభస జరిగింది, తర్వాత అందరూ కూర్చుని భోంచేశారు. కానీ మా గుళ్ళోనే, మా బల్ల మీదే కూర్చునే వేరే కులం వాళ్ళ సంబంధం అయ్యుంటే మాట గడప దాటేది కాదు. అందుకే నాకు బెల్‌ఫాస్ట్ త్వరగానే అర్థమైంది. ఇక్కడ పోపు గురించి, మరియమ్మ గురించి ఎవరూ వాదించుకోగా నేను వినలేదు. పేరేమిటి, ఏ బడిలో చదివావు, ఏ వీధి, ఏ ఫుట్‌బాల్ జట్టు అని అడుగుతారు. మనవాళ్ళు ‘ఇంటిపేరేమిటమ్మా?’ అని తీయగా అడిగి ఏం తెలుసుకుంటారో, వీళ్ళూ అదే తెలుసుకుంటారు.

జనాభా లెక్కలు కూడా ఇదే చెబుతాయి. 2021లో ఏ మతమూ లేదన్నవాళ్ళు 17.4 శాతం. ఏ మతంలో పెరిగారని కూడా అడిగి లెక్క కడితే ఆ సంఖ్య 9.3కి దిగింది. దేవుణ్ణి వదిలేసినా పుట్టిన వాడను వదలడం కష్టం. ఆ లెక్కల్లోనే కాథలిక్ నేపథ్యం వాళ్ళు 45.7 శాతంతో మొదటిసారి ప్రొటెస్టెంట్లను (43.5) దాటారు. 1921లో ఐర్లండ్‌ను చీల్చినప్పుడు ప్రొటెస్టెంట్ల ఆధిక్యం నిలవాలనే ఈ ఆరు జిల్లాలను విడదీసి బ్రిటన్ కింద ఉంచారు. కాబట్టి ఆ అంకె బయటికొచ్చిన రోజు కొన్ని ఇళ్ళలో పండగ, కొన్ని ఇళ్ళలో దిగులు.

ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చిన ఫారం ఒకటి చెప్పాలి. ‘నేను ప్రొటెస్టెంట్ సముదాయానికి చెందినవాణ్ణి/దాన్ని, కాథలిక్ సముదాయానికి చెందినవాణ్ణి/దాన్ని, రెండూ కాదు’. పదిమందికి మించి పూర్తికాలపు సిబ్బంది ఉన్న ప్రతి యజమానీ ఈ లెక్క రాసుకోవాలని చట్టం. మొదట నాకు ఒళ్ళు మండింది. తర్వాత కారణం తెలిసింది. దశాబ్దాల పాటు కాథలిక్కులకు మంచి ఉద్యోగాలు, కౌన్సిల్ అద్దెకిచ్చే ఇళ్ళు దక్కలేదు. 1968లో వాళ్ళు పౌరహక్కుల కోసం ఊరేగింపులు తీస్తే లాఠీలతో కొట్టారు. అక్కడి నుంచి ముప్ఫై ఏళ్ళలో మూడున్నర వేలకు పైగా ప్రాణాలు పోయాయి. 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం కుదిరింది. వివక్ష ఉందో లేదో తేలాలంటే లెక్క ఉండాలి మరి, రిజర్వేషన్ల గురించి విన్న చెవులకు ఇది కొత్త కాదు. రెండూ కాదని రాసినవాళ్ళను పేరు, బడి వంటివి చూసి ఏదో ఒక వైపు లెక్కగట్టే పద్ధతి కూడా చట్టంలో ఉంది. లూథరన్‌నై ఉండి నేను ‘రెండూ కాదు’ దగ్గరే టిక్కు పెట్టాను. అడిగింది నమ్మకం గురించి కాదు, మందలో ఎటువైపు అని.

అసలు తలనొప్పి పాప బడి దగ్గర వచ్చింది. కాథలిక్ బడులు వేరు, ప్రభుత్వ బడులు పేరుకు అందరివైనా ఎక్కువగా ప్రొటెస్టెంట్ పిల్లలవి. యూనిఫాం చూస్తే చాలు, బస్సులో ఎవరు ఎవరో తెలిసిపోతుంది. రెండు వైపుల పిల్లలనూ కలిపి చదివించే ఇంటిగ్రేటెడ్ బడులు 1981లో లాగన్ కాలేజీతో మొదలయ్యాయి. ఇప్పటికీ పదిమంది పిల్లల్లో ఒకరికి కూడా ఆ చదువు అందడం లేదు. ఇల్లు దూరమైనా సరే, పాపను అలాంటి బడిలోనే వేశాం. మా ఆయన ఇది అనవసరమైన పంతం అంటాడు. కావచ్చు.

వాళ్ళ గొడవ వాళ్ళది, మనం మధ్యలోంచి నడిచిపోవచ్చు అనే ధీమా చాలాకాలం ఉండేది. 2024 ఆగస్టు 3న అది పోయింది. ఆ రోజు బెల్‌ఫాస్ట్ నడిబొడ్డున ప్రొటెస్టెంట్లు ఎగరేసే బ్రిటిష్ జెండా, కాథలిక్కులు ఎగరేసే ఐరిష్ జెండా ఒకే గుంపులో పక్కపక్కన ఎగిరాయి. ఇక్కడ పుట్టినవాళ్ళే నోరు తెరుచుకుని చూశారు. రెండు జెండాలనూ కలిపినది మేమే, అంటే వలసవాళ్ళం. ఆ సాయంత్రం వలసవాళ్ళ దుకాణాలు తగలబడ్డాయి. మరుసటి ఏడు జూన్‌లో బాలిమీనా అనే పట్టణంలో వలస కుటుంబాల ఇళ్ళపై దాడులు జరిగాయి. ఇక్కడ స్థానికులున్నారు అని తలుపులకు కాగితాలు అంటించుకున్నారు జనం, కొందరు బ్రిటిష్ జెండాలు కట్టుకున్నారు.

బాలిమీనా వార్తలు వచ్చిన రాత్రి మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చ. మనం కూడా జెండా కట్టుకుందాం అన్నారొకరు. ఏ జెండా అన్నారు ఇంకొకరు. షాంకిల్ వైపు ఉండేవాళ్ళకు కుదిరేది ఫాల్స్ వైపు ఉండేవాళ్ళకు ప్రమాదం, అక్కడ కుదిరేది ఇక్కడ ప్రమాదం. మూడు రంగుల మన జెండా కడదామని ఒకాయన అన్నాడు. నారింజ, తెలుపు, ఆకుపచ్చ దూరం నుంచి ఐరిష్ జెండాలాగే కనిపిస్తాయని నల్గొండ అమ్మాయి రాసింది. ఆ తర్వాత గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. మేము జెండా కట్టలేదు, ముందు తలుపుకు రెండో గడియ బిగించుకున్నాం. మర్నాడు పొద్దున ఏడింటికి షాంకిల్‌లో పెద్దావిడకు టిఫిను పెట్టాలి, వెళ్ళాను.